కొత్త ప్రాసెసర్‌కు లైనక్స్ పోర్టింగ్: మొదటి అక్షరం నుంచి పూర్తి డిస్ట్రిబ్యూషన్ దాకా

కొత్త ప్రాసెసర్ మీద కెర్నల్ బూటై, సీరియల్ కన్సోల్‌లో వెర్షన్ లైను కనబడగానే పోర్ట్ (సాఫ్ట్‌వేర్‌ను కొత్త ప్రాసెసర్‌కు తెచ్చే పని) అయిపోయిందని చాలామంది అనుకుంటారు. అప్పటికి అయింది చిన్న భాగమే. రిస్క్-ఫైవ్ అనే ప్రాసెసర్ ఆర్కిటెక్చర్ సంగతే చూడండి. బిన్‌యుటిల్స్ (అసెంబ్లర్, లింకర్ల సమితి) 2.28, జీసీసీ (కంపైలర్) 7 ఆ ఆర్కిటెక్చర్‌కు మద్దతుతో 2017లో వచ్చాయి. కెర్నల్ 4.15 2018 జనవరిలో, సీ లైబ్రరీ గ్లిబ్‌సీ 2.27 ఆ మరుసటి నెలలో వచ్చాయి. డెబియన్ డిస్ట్రిబ్యూషన్ దాన్ని అధికారిక ఆర్కిటెక్చర్‌గా తీసుకున్నది 2023 జూలైలో. స్థిర విడుదలలో చేరింది 2025 ఆగస్టు 9న, డెబియన్ 13తో. అంటే కెర్నల్ సిద్ధమయ్యాక కూడా ఏడున్నరేళ్లు పట్టింది. ఆ కాలమంతా కంపైలర్ లోపాలు దిద్దడంలో, ఒకదాని మీద ఒకటి ఆధారపడే ప్యాకేజీల ముడులు విప్పడంలో, ఎక్స్86 మీద మాత్రమే నిజమయ్యే ఊహలను వెతికి తీయడంలో గడిచింది.

అందుకే ఈ మార్గదర్శి కెర్నల్ దగ్గర ఆగదు. ఉదాహరణలు 64 బిట్ల రిస్క్-ఫైవ్ నుంచి, డిస్ట్రిబ్యూషన్ ఉదాహరణలు డెబియన్ నుంచి తీసుకున్నవి. మీ ప్రాసెసర్ వేరైతే రిజిస్టర్ల పేర్లు మారతాయి గానీ పని వరుస మారదు.

కావలసినవి: ఎనిమిది కోర్లు, కనీసం 16 జీబీ మెమరీ, 200 జీబీ ఖాళీ డిస్క్ ఉన్న లైనక్స్ యంత్రం, ప్రాసెసర్ ప్రివిలేజ్డ్ మోడ్ మాన్యువల్, ఎమ్యులేటర్, బోర్డు దొరికితే దానికి సీరియల్ కేబుల్. సీ, అసెంబ్లీ బాగా వచ్చి ఉండాలి. పేజ్ టేబుల్ అంటే ఏమిటో ఇక్కడ మొదటినుంచీ చెప్పడం లేదు.

కోడ్ కన్నా ముందు కాగితం

ఏబీఐ (కంపైలైన ప్రోగ్రాంలు, లైబ్రరీలు, కెర్నల్ ఒకదానితో ఒకటి మాట్లాడుకునే ఒప్పందం) రాసిపెట్టుకోకుండా ఒక్క లైను కోడ్ కూడా రాయకండి. కెర్నల్‌లో తప్పు చేస్తే రేపు దిద్దుకోవచ్చు. ఏబీఐలో తప్పు చేస్తే మొత్తం ఆర్కైవ్ (డిస్ట్రిబ్యూషన్ ప్యాకేజీలన్నీ) మళ్లీ కంపైల్ చేయాలి.

ఆ కాగితం మీద ఉండాల్సినవి ఇవి: బైట్ల వరుస, లాంగ్, పాయింటర్, లాంగ్ డబుల్ పరిమాణాలు, చార్‌కు గుర్తు ఉందా లేదా, స్టాక్ ఎన్ని బైట్లకు సర్దుకోవాలి (సాధారణంగా 16), ఆర్గ్యుమెంట్లు వెళ్లే రిజిస్టర్లు, కాల్ తర్వాత విలువ నిలవాల్సిన రిజిస్టర్లు, ఫ్లోటింగ్ పాయింట్ విలువలు ఏ రిజిస్టర్లలో వెళ్తాయి, థ్రెడ్ పాయింటర్ ఎక్కడ, రీలొకేషన్ (లింక్ చేసేటప్పుడు చిరునామాలు పూరించే) రకాలు, సిస్టం కాల్ నంబరు ఏ రిజిస్టర్లో, డైనమిక్ లోడర్ పూర్తి పాత్, ఎల్ఫ్ అనే ప్రోగ్రాం ఫైలు ఫార్మాట్‌లో ప్రాసెసర్‌ను గుర్తించే మెషీన్ నంబరు. చివరిదాన్ని సొంతంగా పెట్టేసుకోకూడదు, కేటాయింపజేసుకోవాలి. 64 బిట్ల ఆర్మ్‌ది 183, రిస్క్-ఫైవ్‌ది 243, లూంగ్‌ఆర్చ్‌ది 258.

మూడు అంశాల మీద మాత్రం రెట్టింపు సమయం పెట్టండి.

మొదటిది బేస్‌లైన్, అంటే ప్రతి ప్యాకేజీ ఏ కనీస ఇన్‌స్ట్రక్షన్ సెట్‌ను నమ్ముకుంటుందన్నది. డెబియన్ హార్డ్-ఫ్లోట్ ఆర్మ్ పోర్ట్ ఆర్మ్‌వీ7ను కనీసంగా పెట్టుకుంది. 2012లో వచ్చిన మొదటి రాస్ప్‌బెర్రీ పైలో ఉన్నది ఆర్మ్‌వీ6. దాంతో ఆ ఒక్క బోర్డు కోసం ఆర్కైవంతా వేరుగా కంపైల్ చేసి రాస్ప్‌బియన్ తయారు చేయాల్సి వచ్చింది. అలాగని బేస్‌లైన్ మరీ కింద పెడితే కొత్త చిప్‌ల శక్తి వృథా. మార్కెట్లో ఉన్న బోర్డులన్నిటికీ ఉమ్మడిగా ఉన్నది తీసుకుని, వెక్టర్ లాంటివి రన్‌టైంలో గుర్తించి వాడుకోవడమే సురక్షితం.

రెండోది టైం_టీ, అంటే సమయాన్ని దాచే సీ రకం. ఆర్కిటెక్చర్ 32 బిట్లదైనా దీన్ని 64 బిట్లుగానే పెట్టండి. 32 బిట్ల లెక్క 2038లో నిండిపోతుంది. డెబియన్ పాత 32 బిట్ల ఆర్మ్ పోర్టుల్లో దీన్ని మార్చడానికి 2024లో వేల ప్యాకేజీలను ఒకేసారి కదిలించాల్సి వచ్చింది. 32 బిట్ల రిస్క్-ఫైవ్ గ్లిబ్‌సీ 2.33లో చేరినప్పుడే 64 బిట్ల టైంతో వచ్చింది కాబట్టి దానికి ఆ బాధ లేదు.

మూడోది సిగ్నల్ ఫ్రేమ్. సిగ్నల్ వచ్చినప్పుడు రిజిస్టర్లను యూజర్ స్టాక్ మీద దాచే ఈ నిర్మాణంలో ముందే ఖాళీ జాగా వదలాలి. 64 బిట్ల ఆర్మ్ 4096 బైట్లు కేటాయించి, అందులో ప్రతి ముక్కకూ రకం, పరిమాణం రాసే పద్ధతి పెట్టింది. తర్వాత వచ్చిన వెక్టర్ రిజిస్టర్లు అదే పద్ధతిలో ఇమిడాయి.

టూల్‌చైన్: ఐదు మెట్లు

సీ లైబ్రరీ లేనిదే పూర్తి కంపైలర్ కట్టలేం, కంపైలర్ లేనిదే సీ లైబ్రరీ కట్టలేం. చెట్టు ముందా విత్తు ముందా అన్న ఈ చిక్కు వల్లే జీసీసీని రెండుసార్లు కట్టాలి.

1. బిన్‌యుటిల్స్‌ను మీ టార్గెట్ పేరుతో కట్టండి. అసెంబ్లర్, లింకర్ వస్తాయి.
2. జీసీసీ మొదటి దశ: సీ భాష మాత్రమే. హెడర్లు, థ్రెడ్లు, షేర్డ్ లైబ్రరీలు ఏవీ వద్దని కాన్ఫిగర్‌కు చెప్పండి. కంపైలర్‌తోపాటు లిబ్‌జీసీసీ కూడా ఈ దశలోనే కట్టాలి.
3. కెర్నల్ సోర్స్ నుంచి యూజర్ హెడర్లను సిస్‌రూట్‌లోకి (టార్గెట్ హెడర్లు, లైబ్రరీలు ఉండే డైరెక్టరీలోకి) ఇన్‌స్టాల్ చేయండి. దీనికి మీ ఆర్కిటెక్చర్ డైరెక్టరీలోని యూఏపీఐ (యూజర్ ప్రోగ్రాంలకు కనబడే) హెడర్లు అప్పటికే ఉండాలి. మిగతా కెర్నల్ లేకపోయినా ఫర్వాలేదు.
4. సీ లైబ్రరీ.
5. జీసీసీ రెండో దశ: అదే సిస్‌రూట్‌తో, ఈసారి సీ++, థ్రెడ్లు, షేర్డ్ లైబ్రరీలతో.

ఇక్కడ తగిలే దెబ్బల్లో మొదటిది హోస్ట్ హెడర్లు చొరబడటం. కంపైల్ సాఫీగా జరిగిపోతుంది, నిర్మాణాల పరిమాణాలు మాత్రం హోస్ట్‌వి వస్తాయి. కంపైలర్‌ను వివరంగా మాట్లాడే మోడ్‌లో నడిపి, అది వెతికే ప్రతి డైరెక్టరీ సిస్‌రూట్ లోపలే ఉందో లేదో చూడండి. రెండోది, లింకర్ ‘రీలొకేషన్ ట్రంకేటెడ్ టు ఫిట్’ అని ఆగిపోవడం. రిస్క్-ఫైవ్‌లో మెడ్‌లో అనే డిఫాల్ట్ కోడ్ మోడల్ సున్నాకు అటూ ఇటూ 2 జీబీ లోపలి చిరునామాలకే చాలుతుంది. బేర్-మెటల్ కోడ్‌ను హెక్స్ 80000000 దగ్గర లింక్ చేస్తే అది సరిగ్గా ఆ గీత దాటుతుంది. తప్పు లింకర్‌ది కాదు. మెడ్‌ఎనీ మోడల్‌తో మళ్లీ కంపైల్ చేయాలి.

జీసీసీతో వచ్చే టార్చర్ టెస్టులను ఎమ్యులేటర్ మీద నడిపి, అవి నెగ్గాకే కెర్నల్ ముట్టుకోండి. కంపైలర్ తప్పును కెర్నల్‌లో వెతకడం కన్నా వ్యర్థమైన పని లేదు.

ఎమ్యులేటర్‌లో మొదటి అక్షరం

క్యూఎమూ అనే ఎమ్యులేటర్‌లో మీ ప్రాసెసర్ లేకపోతే ముందు దాన్ని చేర్చండి. అసలు బోర్డు వచ్చేదాకా ఆగడం కన్నా, వచ్చాక గుడ్డిగా తడుముకోవడం కన్నా ఇది చవక. రిస్క్-ఫైవ్ ‘వర్ట్’ మెషీన్‌లో మెమరీ హెక్స్ 80000000 దగ్గర మొదలవుతుంది. 16550 రకం సీరియల్ పోర్ట్ హెక్స్ 10000000 దగ్గర ఉంటుంది. ఫర్మ్‌వేర్ కెర్నల్‌ను హెక్స్ 80200000 దగ్గర, అంటే మెమరీ మొదలుకు 2 ఎంబీ పైన పెట్టి దూకుతుంది. ఏ0 రిజిస్టర్లో కోర్ నంబరు, ఏ1లో డివైస్ ట్రీ (బోర్డులో ఏమేం ఉన్నాయో చెప్పే డేటా) చిరునామా ఉంటాయి.

మొదటి ప్రోగ్రాం మూడు నాలుగు ఇన్‌స్ట్రక్షన్లకు మించక్కర్లేదు. సీరియల్ పోర్ట్ చిరునామాను ఒక రిజిస్టర్లోకి, ఒక అక్షరం కోడ్‌ను ఇంకో రిజిస్టర్లోకి తెచ్చి, ఒక బైట్ స్టోర్ చేసి, అక్కడే తిరిగే లూప్ పెట్టండి. అక్షరం కనబడితే టూల్‌చైన్, లింకర్ స్క్రిప్ట్, లోడ్ చిరునామా, కన్సోల్ అన్నీ పని చేస్తున్నట్టే. అసలు బోర్డు మీద మాత్రం ప్రతి అక్షరానికి ముందు పోర్ట్ ఖాళీగా ఉందో లేదో చూడాలి: ఐదో ఆఫ్‌సెట్‌లోని లైన్ స్టేటస్ రిజిస్టర్లో ఐదో బిట్. ఎమ్యులేటర్‌లో ఆ పరీక్ష లేకపోయినా నడుస్తుంది. అది చెప్పే అబద్ధాల్లో ఇది మొదటిది, ఇంకా వస్తాయి.

కెర్నల్

పాత పోర్ట్‌ను కాపీ చేసి పేర్లు మార్చే పద్ధతి తొందరగా ఫలితం చూపిస్తుంది గానీ, ఆ పోర్ట్ ముప్పై ఏళ్లుగా మోస్తున్న బరువంతా మీ నెత్తిన పడుతుంది. ఎక్స్86, 32 బిట్ల ఆర్మ్ జోలికి పోకండి. చదవడానికి ఓపెన్‌రిస్క్ మంచిది. కెర్నల్ 3.1లో చేరిన చిన్న పోర్ట్ అది, ఒక వారంలో ఆసాంతం చదవొచ్చు. రాసేటప్పుడు మాత్రం ఖాళీ డైరెక్టరీతో మొదలుపెట్టి, కుదిరిన ప్రతి హెడర్‌ను ఏఎస్ఎం-జనరిక్ (అన్ని ఆర్కిటెక్చర్లకూ పనికొచ్చే హెడర్ల డైరెక్టరీ) నుంచి తీసుకోండి. సిస్టం కాల్ పట్టిక కూడా జనరిక్‌దే వాడాలి. అందులో ఓపెన్, ఫోర్క్ లాంటి పాత కాల్స్ ఉండవు. వాటి బదులు ఓపెన్‌ఎట్, క్లోన్ ఉంటాయి.

మీరు సొంతంగా రాయాల్సినవి: బూట్ ఎంట్రీ, లింకర్ స్క్రిప్ట్, ట్రాప్ (ఇంటరప్ట్, లోపం, సిస్టం కాల్ వల్ల కెర్నల్‌లోకి దూకడం) ఎంట్రీ, పేజ్ టేబుల్ నిర్వచనాలు, పేజ్ ఫాల్ట్, ప్రాసెస్ మార్పిడి, సిగ్నల్, పీట్రేస్ (డీబగ్గర్లు వాడే కాల్), యూజర్ మెమరీ కాపీ, అటామిక్స్, టైమర్, ఇంటరప్ట్ కంట్రోలర్ డ్రైవర్లు. బహుళ కోర్ల మద్దతు ఆపేసి ఒక్క కోర్‌తో మొదలుపెట్టండి. యూజర్ ప్రోగ్రాంలు నిలకడగా నడిచేదాకా రెండో కోర్‌ను లేపకండి.

అసలు మెలిక ఎంఎంయూను (వర్చువల్ చిరునామాలను భౌతిక చిరునామాలుగా మార్చే భాగాన్ని) ఆన్ చేసే క్షణంలో ఉంది. అప్పటిదాకా కోడ్ భౌతిక చిరునామాలో నడుస్తోంది. ఆన్ చేసిన మరుక్షణం తర్వాతి ఇన్‌స్ట్రక్షన్ చిరునామాకు మ్యాపింగే ఉండదు. రెండు దార్లున్నాయి. కొన్ని పోర్టులు ఆ ఒక్క పేజీకి భౌతిక చిరునామా, వర్చువల్ చిరునామా ఒకటేగా ఉండే తాత్కాలిక మ్యాపింగ్ పెడతాయి. రిస్క్-ఫైవ్ పోర్ట్ ఆ పడిపోవడాన్నే వాడుకుంటుంది: ఎస్‌టీవెక్ అనే ట్రాప్ రిజిస్టర్లో, శాట్‌ప్ (పేజ్ టేబుల్‌ను ఎంచి ఎంఎంయూను ఆన్ చేసే రిజిస్టర్) రాసిన తర్వాతి ఇన్‌స్ట్రక్షన్ తాలూకు వర్చువల్ చిరునామా పెట్టి, ఆ తర్వాత శాట్‌ప్ రాస్తుంది. ఫెచ్ విఫలమై ట్రాప్ వస్తుంది, ఆ ట్రాప్ నేరుగా వర్చువల్ చిరునామాలో తేలుతుంది. చూడ్డానికి గారడీలా ఉంటుంది గానీ స్పెసిఫికేషన్ ప్రకారం పూర్తిగా సక్రమం.

ఇక్కడ ఇరుక్కుంటే తెరమీద ఏమీ రాదు. క్యూఎమూను ఆపిన స్థితిలో మొదలుపెట్టి 1234 పోర్ట్ మీద జీడీబీ డీబగ్గర్ తగిలించండి. ప్రోగ్రాం కౌంటర్ అదే చిరునామా దగ్గర తిరుగుతుంటే ట్రాప్‌లోంచి ట్రాప్‌లోకి పడుతున్నట్టు. అప్పుడు కారణం చెప్పే రిజిస్టర్, తప్పు చిరునామా చూపే రిజిస్టర్ చదవాలి. కన్సోల్ పనిచేయకపోయినా కెర్నల్ సందేశాలు లాగ్ బఫర్‌లో పడుతూనే ఉంటాయి. ఆ బఫర్ మెమరీని జీడీబీలో అక్షరాలుగా చూస్తే ఎక్కడిదాకా వచ్చిందో తెలిసిపోతుంది. ఎర్లీకాన్ (బూట్ మొదట్లోనే పనిచేసే కన్సోల్) ముందే సిద్ధం చేసుకుంటే ఈ అవస్థ సగం తగ్గుతుంది.

ట్రాప్ ఎంట్రీలో మొదటి ప్రశ్న: కెర్నల్ స్టాక్ ఎక్కడుంది? అప్పటికి అన్ని రిజిస్టర్లలోనూ యూజర్ విలువలే ఉంటాయి, ముట్టుకోవడానికి ఒక్కటీ ఖాళీ లేదు. రిస్క్-ఫైవ్‌లో ఎస్‌స్క్రాచ్ రిజిస్టర్ ఇందుకే ఉంది. యూజర్ మోడ్‌లో ఉన్నంతసేపూ అందులో ప్రస్తుత టాస్క్ పాయింటర్, కెర్నల్‌లో ఉన్నప్పుడు సున్నా పెడతారు. ట్రాప్ రాగానే థ్రెడ్ పాయింటర్‌తో దాన్ని మార్పిడి చేస్తే, సున్నా వచ్చిందా లేదా అన్నదాన్ని బట్టి ఎక్కడినుంచి వచ్చామో తెలుస్తుంది. తర్వాత 31 రిజిస్టర్లూ దాచాలి. ప్రాసెస్ మార్పిడి వేళ మాత్రం అన్నీ అక్కర్లేదు. అది సీ ఫంక్షన్ కాల్ కాబట్టి రిటర్న్ చిరునామా, స్టాక్ పాయింటర్, పన్నెండు సేవ్డ్ రిజిస్టర్లు, మొత్తం 14 చాలు.

టైమర్ ఇంటరప్ట్ రాకపోతే కెర్నల్ చక్కగా లైన్లు ముద్రిస్తూ వచ్చి ‘క్యాలిబ్రేటింగ్ డిలే లూప్’ దగ్గర బిగుసుకుపోతుంది. జిఫీల (టైమర్ టిక్‌ల) లెక్క కదలడం కోసం అది ఎదురుచూస్తోంది, అది ఎప్పటికీ కదలదు. చాలామంది అక్కడున్న లూప్ కోడ్‌లో తప్పు వెతుకుతారు. వెతకాల్సింది ఇంటరప్ట్ ఎనేబుల్ బిట్‌లో, టైమర్‌ను తర్వాతి టిక్‌కు మళ్లీ పెట్టే కోడ్‌లో.

మొదటి యూజర్ ప్రోగ్రాం

నేరుగా షెల్ నడపబోకండి. ఇనిట్‌గా (కెర్నల్ నడిపే మొదటి ప్రోగ్రాంగా) పది ఇన్‌స్ట్రక్షన్ల అసెంబ్లీ ప్రోగ్రాం పెట్టండి. ఏ7లో 64 (జనరిక్ పట్టికలో రైట్ కాల్ నంబరు), ఏ0లో 1, ఏ1లో వాక్యం చిరునామా, ఏ2లో పొడవు పెట్టి ఈకాల్ (సిస్టం కాల్ ఇన్‌స్ట్రక్షన్) ఇచ్చి, తర్వాత ఊరికే తిరిగే లూప్.

దీని ఫలితం ఒక్కొక్కటీ ఒక్కో రోగ లక్షణం. వాక్యం ఆగకుండా మళ్లీ మళ్లీ వస్తుంటే సంబరపడకండి. ఈకాల్ ట్రాప్‌లో దాచిన చిరునామా ఈకాల్‌దే. తిరిగి వెళ్లేముందు దానికి 4 కలపడం మరిచారు. 64 బిట్ల ఆర్మ్‌లో హార్డ్‌వేరే తర్వాతి ఇన్‌స్ట్రక్షన్ చిరునామా ఇస్తుంది, అక్కడినుంచి కోడ్ తెచ్చుకున్నవాళ్లు ఇక్కడే పడతారు. వాక్యం రాకుండా మైనస్ 38 తిరిగొస్తే పట్టికలో కాల్ దొరకలేదు. మైనస్ 14 వస్తే కెర్నల్ యూజర్ మెమరీని చదవలేకపోయింది. రిస్క్-ఫైవ్‌లో అలా చదివే ముందు ఎస్‌స్టేటస్‌లోని సమ్ బిట్ పెట్టాలి, అయ్యాక తీసేయాలి.

‘అటెంప్టెడ్ టు కిల్ ఇనిట్’ పానిక్ వస్తే పక్కనున్న ఎగ్జిట్ కోడ్‌ను దశాంశంలోకి మార్చి చూడండి. 11 అయితే సెగ్మెంటేషన్ ఫాల్ట్, 4 అయితే చెల్లని ఇన్‌స్ట్రక్షన్. నాలుగు వచ్చిందంటే సాధారణంగా బేస్‌లైన్‌ను మించిన ఫ్లాగ్‌తో కంపైల్ చేసుంటారు, లేదా కొత్త ప్రాసెస్‌కు ఫ్లోటింగ్ పాయింట్ యూనిట్‌ను ఆన్ చేసే బిట్ పెట్టి ఉండరు.

సీ లైబ్రరీ, డైనమిక్ లోడర్

ముందు మజిల్ అనే చిన్న సీ లైబ్రరీ, తర్వాత గ్లిబ్‌సీ. మజిల్‌లో ఆర్కిటెక్చర్‌కు సంబంధించినవి కొద్ది ఫైళ్లే: సిస్టం కాల్ పిలుపు, స్టార్టప్ కోడ్, అటామిక్స్, థ్రెడ్ పాయింటర్, రీలొకేషన్లు, సెట్‌జంప్, క్లోన్. స్టాటిక్‌గా కట్టిన బిజీబాక్స్ (షెల్, మామూలు కమాండ్లు కలిసిన ఒకే ప్రోగ్రాం) దానితో నడిచిందంటే కెర్నల్ మీద నమ్మకం పెట్టుకోవచ్చు. గ్లిబ్‌సీకి దాని సొంత టెస్టులున్నాయి. అవి కెర్నల్‌లోని సిగ్నల్, థ్రెడ్ లోపాలను కూడా బయటికి లాగుతాయి.

డైనమిక్ లింకింగ్‌కు మారగానే అందరినీ అయోమయంలో పడేసే సందేశం ఒకటుంది. ప్రోగ్రాం ఫైలు కళ్లెదుటే ఉంటుంది, నడపబోతే షెల్ ‘అలాంటి ఫైలు లేదు’ అంటుంది. లేనిది ఆ ప్రోగ్రాం కాదు, దాని లోపల రాసి ఉన్న లోడర్. రీడెల్ఫ్‌తో ప్రోగ్రాం హెడర్లు చూసి, ఇంటర్‌ప్రెటర్ పాత్ సరిగ్గా ఏమిటో, ఆ పాత్‌లో లోడర్ ఉందో లేదో చూడండి. ఈ పాత్ ఏబీఐలో భాగం, సింబాలిక్ లింకుతో సర్ది ముందుకు పోతే రేపు ఇతర డిస్ట్రిబ్యూషన్ల బైనరీలు మీ దగ్గర నడవవు.

ప్యాకేజీల ముడి

డెబియన్ 13లో దాదాపు 70 వేల బైనరీ ప్యాకేజీలున్నాయి. వాటిని కట్టే పనిముట్లు కూడా ప్యాకేజీలే. కాబట్టి ముందు కనీస సమితిని ఇంకో ఆర్కిటెక్చర్ నుంచి క్రాస్-కంపైల్ చేయాలి: అత్యవసర ప్యాకేజీలు, వాటిపైన బిల్డ్-ఎసెన్షియల్, డెబ్‌హెల్పర్ (ప్యాకేజీలు కట్టడానికి సాయపడే స్క్రిప్టులు), పెర్ల్.

మొదట డెబియన్ ప్యాకేజీ పనిముట్టు డీప్యాకేజీకి కొత్త పేరు నేర్పాలి. సాధారణంగా సీపీయూ టేబుల్ అనే పట్టికలో ఒక వరుస చేరిస్తే చాలు. అంతకన్నా విసిగించేది కాన్ఫిగ్.గెస్, కాన్ఫిగ్.సబ్ అనే, ప్రాసెసర్ పేరు గుర్తించే స్క్రిప్టుల జంట. ఆటోటూల్స్ వాడే ప్రతి సోర్సూ వీటి సొంత ప్రతిని మోసుకొస్తుంది. పాత ప్రతికి మీ ప్రాసెసర్ పేరు తెలియదు, కాన్ఫిగర్ మొదట్లోనే చేతులెత్తేస్తుంది. డెబ్‌హెల్పర్ ఇటీవలి వెర్షన్లు వీటిని కట్టేటప్పుడే తాజా పరుస్తాయి. అలా తాజా కాని ప్యాకేజీలకు ప్యాచ్ తప్పదు.

ఇక ముడులు. యుటిల్-లైనక్స్ కట్టాలంటే సిస్టండీ లైబ్రరీ కావాలి. సిస్టండీ కట్టాలంటే యుటిల్-లైనక్స్ ఇచ్చే లిబ్‌మౌంట్, లిబ్‌బ్లాకిడ్ కావాలి. దీన్ని బిల్డ్ ప్రొఫైల్‌తో (ప్యాకేజీని కొన్ని భాగాలు వదిలి కట్టే అమరికతో) తెంపాలి: స్టేజ్1 ప్రొఫైల్‌లో యుటిల్-లైనక్స్‌ను సిస్టండీ లేకుండా కట్టి, దానితో సిస్టండీ కట్టి, మళ్లీ మొదటిదాన్ని పూర్తిగా కట్టాలి. డాక్యుమెంటేషన్ కోసం వచ్చే ముడులకు నోడాక్, టెస్టుల కోసం వచ్చేవాటికి నోచెక్. నోచెక్‌ను ప్రొఫైల్‌లోనూ బిల్డ్ ఆప్షన్లలోనూ రెండుచోట్లా పెట్టాలి. ప్రొఫైల్‌లో మాత్రమే పెడితే టెస్టుల డిపెండెన్సీలు పోతాయి గానీ టెస్టులు నడవబోతాయి.

కనీస సమితి చేతికొచ్చాక డెబ్‌బూట్‌స్ట్రాప్‌ను (మూల సిస్టంను ఇన్‌స్టాల్ చేసే పనిముట్టును) ఫారిన్ మోడ్‌లో నడిపి, రెండో దశను కొత్త యంత్రం మీద పూర్తి చేయండి. అక్కడినుంచి అన్నీ స్వదేశీ బిల్డులే. క్రాస్‌గా కట్టిన ప్రతి ప్యాకేజీనీ మళ్లీ సొంత ప్రాసెసర్ మీద కట్టి, మొదటి ప్రతులను పారేయండి. క్రాస్-కంపైల్‌లో కాన్ఫిగర్ స్క్రిప్టులు ప్రోగ్రాం నడిపి చూడలేక ఊహించి రాసుకున్న జవాబులు వాటిలో ఇంకా ఉంటాయి.

బిల్డ్ యంత్రాలు నెమ్మదిగా ఉంటే ఎస్‌బిల్డ్ (ప్యాకేజీలు కట్టే ప్రోగ్రాం) 150 నిమిషాలు ఏ అవుట్‌పుట్టూ రాలేదని పనిని చంపేస్తుంది. పెద్ద సీ++ ప్రాజెక్టుల లింకింగ్‌కు, పొడవైన టెస్టులకు ఆ గడువు పెంచుకోండి. మెమరీ తక్కువైన బోర్డులో సమాంతర పనుల సంఖ్య తగ్గించడం గడువు పెంచడం కన్నా ఎక్కువ పనిచేస్తుంది.

ఎక్స్86 బిల్డ్ యంత్రంలో క్యూఎమూ యూజర్ మోడ్‌ను బిన్‌ఫ్మ్ట్‌తో (వేరే ప్రాసెసర్ ప్రోగ్రాంలను ఎమ్యులేటర్‌కు అప్పగించే కెర్నల్ సౌకర్యంతో) కలిపి వాడటం వేగంగా ఉంటుంది, మొదటి రోజుల్లో ఎంతో సాయం. అయితే అందులో పీట్రేస్ ఉండదు, కాబట్టి ఎస్‌ట్రేస్, జీడీబీ టెస్టులు అక్కడ విఫలమైతే మీ పోర్ట్‌ను అనుమానించక్కర్లేదు. కింద నడుస్తున్నది మీ కెర్నల్ కాదన్నది కూడా గుర్తుంచుకోవాలి. అక్కడ నెగ్గిన టెస్ట్ మీ కెర్నల్ గురించి ఏమీ చెప్పదు.

తమను తామే కట్టుకునే భాషలు

జావా, హాస్కెల్, రస్ట్ కంపైలర్లు కట్టాలంటే అవే కావాలి. ఒక్కోదానికి ఒక్కో పక్కదారి ఉంది. ఓపెన్‌జేడీకేకు జీరో అనే రూపం ఉంది: అసెంబ్లీ లేని ఇంటర్‌ప్రెటర్, నత్తనడక నడుస్తుంది గానీ నడుస్తుంది. హాస్కెల్ కంపైలర్‌ను అన్‌రిజిస్టరైజ్డ్ రూపంలో సీ కోడ్ ద్వారా తేవచ్చు. ఓకామెల్‌కు బైట్‌కోడ్ చాలు. రస్ట్‌కు ఎల్ఎల్‌వీఎం (జీసీసీ కాని ఇంకో కంపైలర్ వ్యవస్థ) బ్యాకెండ్ తప్పనిసరి, దాన్ని తర్వాత చూద్దాంలే అని వదిలేయకండి. 2021లో పైథాన్ క్రిప్టోగ్రఫీ లైబ్రరీ రస్ట్‌కు మారినప్పుడు ఎల్ఎల్‌వీఎం లేని పాత ఆర్కిటెక్చర్లు ఒక్కసారిగా ఇబ్బందిలో పడ్డాయి. ఎస్‌వీజీ బొమ్మలు గీసే లిబ్‌ఆర్‌ఎస్‌వీజీ కూడా రస్టే, దాని మీద డెస్క్‌టాప్ సగం ఆధారపడి ఉంది.

ఇతరుల కోడ్‌లో దాగిన ఊహలు

వేల ప్యాకేజీల్లో తగిలే తప్పులు నిజానికి నాలుగైదు రకాలే.

చార్: ఎక్స్86లో దానికి గుర్తు ఉంటుంది, ఆర్మ్, పవర్‌పీసీ, రిస్క్-ఫైవ్‌లలో ఉండదు. గెట్‌చార్ ఇచ్చిన విలువను చార్ వేరియబుల్‌లో పెట్టి ఈఓఎఫ్‌తో, అంటే మైనస్ 1తో పోలుస్తారు. గుర్తు లేని చార్‌లో అది 255 అవుతుంది, మైనస్ 1కి ఎప్పటికీ సమానం కాదు, లూప్ ఆగదు. గెట్‌ఆప్ట్ వాడేచోట కూడా ఇదే. మందు ఒక్క పదం: చార్ తీసి ఇంట్ పెట్టడం. గుర్తు ఉన్న చార్‌ను బలవంతం చేసే ఫ్లాగ్‌తో సర్దేయడం నచ్చదు మాకు. లోపం సోర్సులోనే ఉంది, అక్కడే దిద్ది అసలు రచయితలకు పంపండి.

అటామిక్స్: రిస్క్-ఫైవ్ మూల అటామిక్ ఎక్స్‌టెన్షన్‌లో ఒక బైట్, రెండు బైట్ల ఆపరేషన్లు లేవు. జీసీసీ వాటిని లైబ్రరీ కాల్‌గా మార్చేది. లింకర్ ‘అటామిక్ ఎక్స్ఛేంజ్ 1’ దొరకలేదంటే లిబ్‌అటామిక్ జోడించాలి. జీసీసీ 14 నుంచి ఈ చిన్న ఆపరేషన్లను అక్కడికక్కడే పరిచేస్తోంది.

పేజీ పరిమాణం: 4096 అని కోడ్‌లో రాసిపెట్టుకున్న ప్రోగ్రాం 64 కేబీ పేజీల కెర్నల్ మీద పడిపోతుంది. జెమాలోక్ అనే మెమరీ కేటాయింపు లైబ్రరీ పేజీ పరిమాణాన్ని కట్టేటప్పుడే స్థిరపరుస్తుంది. చిన్న పేజీల యంత్రం మీద కట్టినది పెద్ద పేజీల యంత్రం మీద మొదలవగానే ఆగిపోతుంది. వీలున్నంత పెద్ద పేజీకి కట్టండి.

సీ++ లైబ్రరీల సింబల్ ఫైళ్లలో తేడాలు చూసి కంగారు పడక్కర్లేదు, చాలాసార్లు అవి పరిమాణాల రకాల పేర్ల తేడాలే.

అసలు చిప్ మీద

ఎమ్యులేటర్‌లో నెలల తరబడి నడిచిన కెర్నల్ సిలికాన్ మీద గంటలో కూలిపోవడం వింతేమీ కాదు. క్యూఎమూ క్యాష్‌లను అనుకరించదు. మెమరీ వరుసను కూడా, ఎక్స్86 హోస్ట్ మీద నడిచేటప్పుడు, అసలు చిప్ అంత స్వేచ్ఛగా మార్చదు. వెతకాల్సిన చోట్లు:

ఇన్‌స్ట్రక్షన్ క్యాష్. కోడ్‌ను మెమరీలో రాసి వెంటనే నడిపేచోట ఫెన్స్.ఐ లేకపోయినా ఎమ్యులేటర్ ఊరుకుంటుంది, చిప్ ఊరుకోదు. పైగా ఫెన్స్.ఐ అది నడిచిన కోర్ ఒక్కదానికే వర్తిస్తుంది, మిగతా కోర్లకు ఇంటర్-ప్రాసెసర్ ఇంటరప్ట్ పంపాలి. జిట్ కంపైలర్లు (నడుస్తుండగానే కోడ్ తయారు చేసేవి) కొన్ని గంటలకోసారి కారణం లేకుండా కూలుతుంటే ముందు దీన్ని చూడండి.

టీఎల్‌బీ, అంటే చిరునామా మార్పిడుల క్యాష్. చెల్లని ఎంట్రీని చెల్లేదిగా మార్చినప్పుడు ఫ్లష్ అనవసరం అనుకుంటారు. రిస్క్-ఫైవ్ స్పెసిఫికేషన్ చెల్లని ఎంట్రీలను కూడా దాచుకోవడానికి చిప్‌కు అనుమతిస్తుంది. అలాంటి చిప్ మీద ఫ్లష్ లేకపోతే అదే చిరునామాకు పేజ్ ఫాల్ట్ పదేపదే వస్తుంది.

డీఎంఏ, అంటే పరికరాలు నేరుగా మెమరీని చదవడం, రాయడం. చిప్‌లో డీఎంఏ కోహెరెంట్ (క్యాష్‌తో తనంతట తానే సరిపోయేది) కాకపోతే, ఒకే ఫైలు చెక్‌సమ్ చదివిన ప్రతిసారీ మారుతుంది. తేడా వచ్చిన బైట్లను పోల్చి చూడండి. తప్పు సరిగ్గా 64 బైట్ల ముక్కలుగా, 64తో భాగించబడే చోట మొదలవుతుంటే అది క్యాష్ లైనే. డిస్క్‌ను నిందించకండి.

మెమరీ వరుస. ఎక్స్86 మీద పదేళ్లు నడిచిన లాక్‌లేని క్యూ ఇక్కడ వారానికోసారి తప్పుతుంది. ఇలాంటిది డీబగ్గర్‌లో దొరకదు. బారియర్లు (మెమరీ వరుసను కాపాడే ఇన్‌స్ట్రక్షన్లు) ఉండాల్సిన జతలను కోడ్ చదివి పట్టుకోవాలి.

పైకి పంపడం, నిలబెట్టుకోవడం

ప్యాచ్‌లు పంపే వరుస: బిన్‌యుటిల్స్, జీసీసీ, కెర్నల్, సీ లైబ్రరీ, తర్వాత మిగతావి. గ్లిబ్‌సీలోకి వెళ్లాలంటే కెర్నల్ ఏబీఐ ముందు ప్రధాన శాఖలో కుదురుకోవాలి. కెర్నల్ ప్యాచ్‌ను ఒకే ముద్దగా కాకుండా బూట్, ట్రాప్, మెమరీ, ప్రాసెస్, సిగ్నల్ అని విడగొట్టి పంపితేనే సమీక్షకులు చదువుతారు.

చేరాక కూడా మనిషి ఉండాలి. 2018లో కెర్నల్ 4.17 నుంచి బ్లాక్‌ఫిన్, క్రిస్, టైల్‌తో సహా ఎనిమిది ఆర్కిటెక్చర్లను ఒకే దెబ్బకు తీసేశారు. దాదాపు ఐదు లక్షల లైన్లు పోయాయి. ఇటానియం 6.7లో పోయింది. వాడేవాళ్లు, టెస్ట్ చేసేవాళ్లు లేరన్నదే కారణం. కాబట్టి కనీసం రెండు బోర్డులు ఎప్పుడూ ఆన్‌లో ఉంచి, ప్రతి ఆర్‌సీ1 (విడుదలకు ముందు వచ్చే మొదటి పరీక్ష వెర్షన్) రాగానే బూట్ చేసి, కెర్నల్ సెల్ఫ్‌టెస్టులు, ఎల్‌టీపీ (లైనక్స్ టెస్ట్ ప్రాజెక్ట్) నడిపి, ఏదైనా విరిగితే ఆర్‌సీ3 లోపు చెప్పండి. కెర్నల్ డాక్యుమెంటేషన్‌లోని ఫీచర్స్ డైరెక్టరీలో ఏ ఆర్కిటెక్చర్‌కు ఏ సౌకర్యం ఉందో పట్టికలుంటాయి. మీ వరుసలో ఇంకా రానివేవో అక్కడ చూసి, తర్వాతి విడుదలకు ఒకటి ఎంచుకోండి. జంప్ లేబుల్స్, ఎఫ్‌ట్రేస్, కేప్రోబ్స్ ఆ వరుసలో ముందు పెట్టుకోదగినవి, ఎందుకంటే తర్వాత వచ్చే ప్రతి తప్పును వెతకడానికి అవే పనిముట్లు.